ఊరు విడవని గిటారిస్టు: కలకత్తాలో కార్ల్‌టన్ కిట్టో జాడల వెంట

డిసెంబర్ 17, మంగళవారం: ఖరగ్‌పూర్

విశాఖ నుంచి కలకత్తా వెళ్లే తెలుగువాళ్లలో చాలామందికి ఖరగ్‌పూర్‌లో ఎవరో ఒక చుట్టం ఉంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. మా బాబాయి అక్కడే పుట్టి, అక్కడే చదివి, రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ ఒకే వేగంతో మాట్లాడతారు. నేను ఒక గిటారిస్టు కోసం కలకత్తా వెళ్తున్నానని ఫోనులో చెప్పినప్పుడు, "ముందు ఇక్కడ దిగమ్మా, నేనూ వస్తాను" అన్నారు.

సాయంత్రం గోల్ బజార్ తీసుకెళ్లారు. కూరగాయల దగ్గర తెలుగులోనే బేరం నడుస్తోంది. ఒక బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం. వాము పెట్టి, ఉల్లిపాయ చల్లి, మన ఊళ్లో ఎలా ఇస్తారో అలాగే ఇచ్చాడు. నాలుగు బజ్జీలు 30 రూపాయలు. పక్కనే బెంగాలీ బండి మీద ముడీ (మరమరాలు) కలుపుతున్నారు. రెండు బండ్ల మధ్యా ఒకటే బెంచీ.

బజ్జీలు తింటూ బాబాయి అడిగారు: "ఇంతకీ ఎవరమ్మా ఆయన? సినిమాలకు వాయించేవాడా?"

కార్ల్‌టన్ కిట్టో గురించి నాకు తెలిసినదంతా అప్పుడు చెప్పాను. 1942లో బెంగళూరులో పుట్టిన ఆంగ్లో ఇండియన్. మద్రాసులో వాయించి, 1970లలో కలకత్తా చేరి, పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్లలో జాజ్ గిటార్ వాయించారు. ఆ వీధిలో జాజ్ అణగిపోయాక కూడా ఊరు విడవలేదు. పాఠాలు చెప్పుకుంటూ, దొరికిన చోటల్లా బీబాప్ అనే వేగమైన, కష్టమైన జాజ్ పద్ధతిలో వాయిస్తూ 2016 నవంబర్‌లో అదే ఊళ్లో కన్నుమూశారు. సుశీల్ కురియన్ ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. అది రాకపోయి ఉంటే గిటార్ నేర్చుకుంటున్న నాలాంటివాళ్లకు ఆయన పేరు కూడా తెలిసేది కాదు.

బాబాయి కాసేపు ఆలోచించి, "మా ఇన్‌స్టిట్యూట్‌లో వాయించేవాళ్లే, ఆ పాటలేనా?" అన్నారు. రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కోసం ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి. శనివారాలు, క్రిస్మస్ రోజులు వస్తే అక్కడ బ్యాండు, డాన్సు. మన వాల్తేరు, బిట్రగుంట, గుంతకల్లు, కాజీపేట కాలనీల్లోనూ అలాంటి సాయంత్రాలు గడిచాయి. బాబాయి కుర్రతనంలో స్నేహితులతో కలిసి కిటికీ దగ్గర నిలబడి వినేవారట. డాన్సుకు ముందు చెక్క నేల మీద జారుడుగా ఉండేందుకు పౌడరు చల్లేవాళ్లని, అది చూడటమే తమకు వేడుకని చెప్పారు. ఆ కుటుంబాల్లో చాలామంది తర్వాత ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు, కెనడాకు వెళ్లిపోయారు. "మా డ్రైవరు ఒకాయన పెర్త్ నుంచి ఇప్పటికీ కార్డు పంపుతాడు" అన్నారు. కిట్టో ఎలాంటి ప్రపంచంలో పెరిగారో నాకు మొదట అర్థమైంది ఆ బజ్జీల బండి దగ్గరే.

డిసెంబర్ 18, బుధవారం: పార్క్ స్ట్రీట్

మధ్యాహ్నానికి కలకత్తా. గది వెతుక్కునే పని లేదు, బాబాయి స్నేహితుడి ఇల్లు ఎంటాలీలో ఉంది. సామాను అక్కడ పడేసి నేరుగా పార్క్ స్ట్రీట్‌కే నడిచాం.

క్రిస్మస్ దీపాలు అప్పుడే కడుతున్నారు. వీధికి అడ్డంగా తీగలు, నిచ్చెనలు, కింద నిలబడి పైవాళ్లకు ఎడమ కుడి చెప్పే మేస్త్రీలు. ఈ ఒక్క వీధిలో 1950ల చివరి నుంచి 1970ల దాకా ప్రతి రాత్రీ లైవ్ బ్యాండులు వాయించాయి. ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్, ములాన్ రూజ్ అనే రెస్టారెంట్లలో. ఒకచోట వాయించడం ముగించిన సంగీతకారులు గిటార్ పెట్టె పట్టుకుని రోడ్డు దాటి, ఇంకో చోట స్నేహితుల పక్కన కూర్చుని వాయించేంత దగ్గర. మొకాంబోలో పామ్ క్రేన్ పాడేవారు. బ్లూ ఫాక్స్‌లో పియానో మీద లూయిస్ బ్యాంక్స్, సాక్సోఫోన్ మీద బ్రాజ్ గొన్సాల్వెస్. 1969లో చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని మద్రాసు నుంచి వచ్చి ట్రింకాస్ వేదిక ఎక్కిన అమ్మాయే ఉషా ఉతుప్.

బ్లూ ఫాక్స్ ఉన్న చోట ఇప్పుడు మెక్‌డొనాల్డ్స్ ఉంది. లోపలికి వెళ్లి ఒక్క ఐస్‌క్రీమ్ కొనుక్కుని, వేదిక ఎక్కడ ఉండి ఉంటుందో ఊహించాలని చూశాను. ఏ ఆనవాలూ దొరకలేదు. స్కూలు బ్యాగులతో పిల్లలు, బర్గర్లు. వాళ్ల సందడి వాళ్లది, దానికి వంక పెట్టలేం. కానీ లూయిస్ బ్యాంక్స్ లాంటి పియానిస్టు వాయించిన గదికి గోడ మీద ఒక చిన్న పలక అయినా ఉండాలని నా పట్టుదల. వీధి మొత్తానికీ ఇదే మాట చెబుతాను.

ములాన్ రూజ్ ముందు గాలిమర ఇంకా ఉంది. కలకత్తా వచ్చిన కొత్తల్లో కిట్టో వాయించిన చోట్లలో ఇది ఒకటి. ఎదురుగా పేవ్‌మెంటు మీద నిలబడి చాలాసేపు చూశాను. సిగరెట్ల కొట్టు ముసలాయనను బాబాయి పలకరించారు. ఆయన బెంగాలీలో చెప్పినదాని సారాంశం ఇది: ఒకప్పుడు ఇక్కడ లైవ్ మ్యూజిక్ ఉన్న హోటళ్ల మీద వినోదపు పన్ను పడింది, గిరాకీ తగ్గింది, బ్యాండులు పోయాయి. పార్క్ స్ట్రీట్‌లో పాతవాళ్లను ఎవరిని కదిపినా ముందు ఈ పన్ను మాటే వస్తుంది. దానితోపాటు ఇంకా చాలా జరిగాయి. నక్సలైట్ ఉద్యమపు రోజులు, కరెంటు కోతలు, ఊరు ఖాళీ చేసిన కంపెనీలు, వాటితో పాటు వెళ్లిపోయిన అధికారులు. వినేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకేసారి రైళ్లు, ఓడలు ఎక్కారు. ఆపైన డిస్కో వచ్చింది.

లూయిస్ బ్యాంక్స్‌ను ఆర్.డి.బర్మన్ బొంబాయికి పిలిచారు. ఆయన అక్కడ సినిమాలకు, ప్రకటనలకు పనిచేశారు. 1988లో దూరదర్శన్‌లో మనందరం విన్న 'మిలే సుర్ మేరా తుమ్హారా'కు వాద్య కూర్పు చేసింది ఆయనే. ఆయన బృందంలో వాయించిన కిట్టో మాత్రం కలకత్తాలోనే ఆగిపోయారు. ఈ ఆగిపోవడమే నన్ను ఇంత దూరం రప్పించింది.

రాత్రి భోజనం పీటర్ క్యాట్‌లో చెలో కబాబ్. వెన్న వేసిన అన్నం, పైన గుడ్డు, పక్కన కబాబులు. బాబాయికి నచ్చలేదు. "పులుసు ముక్క లేని అన్నం ఎలా దిగుతుందమ్మా" అన్నారు. నాకు బాగా నచ్చింది. ఇద్దరికీ కలిపి 1,200 దాకా అయింది. బయట మట్టి ముంతలో టీ 10 రూపాయలు, బాబాయి రెండు తాగి కోలుకున్నారు.

డిసెంబర్ 19, గురువారం: టిరెట్టా బజార్, బో బ్యారక్స్, లాల్‌బజార్

తెల్లవారుజామున ఆరు గంటలకే టిరెట్టా బజార్‌లో ఉన్నాం. కలకత్తా చైనీయుల పాత పేట ఇది. రోడ్డు పక్కన డేక్షాలు, ఆవిరి గిన్నెలు. చేపల ఉండల సూపు, మాంసం కూరిన మెత్తటి బావ్. ఎనిమిది దాటితే అంతా సర్దేస్తారు. సూపు 80 రూపాయలు. అమ్ముతున్న పెద్దావిడ డబ్బులు తీసుకునే ముందు "రుచి సరిపోయిందా" అని ప్రతి ఒక్కరినీ అడుగుతోంది. చలికి ఆ సూపు గొంతులో దిగుతుంటే ఇక ఆ రోజు ఏం తినకపోయినా పరవాలేదనిపించింది.

అక్కడి నుంచి బో బ్యారక్స్ నడిచి వెళ్లే దూరమే. ముగ్గురిని అడిగితే ముగ్గురూ మూడు సందులు చూపించారు. ఈ ఊళ్లో దారి తెలియదని చెప్పడం మర్యాద కాదు కాబోలు, ఏదో ఒకటి చెప్పి, నాలుగడుగులు వెంట నడిచి మరీ పంపుతారు. అలా తిరుగుతూ ఒక పోలీస్ స్టేషను వెనక నుంచి ఎర్ర ఇటుకల ఇళ్ల వరసలోకి వచ్చాం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం కట్టిన ఇళ్లు. తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అద్దెకు చేరాయి. ఆకుపచ్చ కిటికీ తలుపులు, తీగల మీద బట్టలు, నడివీధిలో క్రికెట్ ఆడుతున్న పిల్లలు.

ఒక ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ క్రిస్మస్ పిండివంటలు అమ్ముతోంది. ఇనుప అచ్చుతో నూనెలో వేసే గులాబీ పువ్వులు, మా అమ్మమ్మ చేసినవాటికి కవల పిల్లలు. పొట్లం 100 రూపాయలు. రుచిలో తేడా కొబ్బరిపాలు. ఇంట్లో చేసిన అల్లం వైను కూడా ఉంది. బాబాయి తానూ రైల్వేవాడినని చెప్పగానే ఆమె ముఖం వెలిగింది. వాళ్ల నాన్న ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యారట. ఇద్దరూ స్టీమ్ ఇంజిన్ల గురించి అరగంట మాట్లాడుకున్నారు. నేను మెల్లగా కిట్టో పేరు ఎత్తాను.

"గిటార్ కార్ల్‌టన్ కదా! ఆయన వాయిస్తే మేం డాన్సు ఆపి వినాల్సి వచ్చేది" అందామె. అది పొగడ్తో ఫిర్యాదో మొదట తెలియలేదు. రెండూనేమో. డాన్సు చేసేవాళ్లకు తిన్నగా సాగే పాట కావాలి. బీబాప్ అలా సాగదు.

సంగీతం నేర్చుకోనివాళ్ల కోసం ఆ సంగతి కొంచెం చెప్పాలి. జాజ్‌లో ఒక పాట సాధారణంగా 32 బార్లు ఉంటుంది, బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తనం లాంటిది. పాట కింద కార్డుల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల) వరస ఒకటి నడుస్తుంది. బ్యాండు పాటను ఒకసారి వాయించాక, అదే కార్డుల వరస మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు కొత్త వరసలు అల్లుతారు. మన కల్పనస్వరం లాంటిదే, కానీ అక్కడ రాగం నిలిచి ఉంటుంది. ఇక్కడ ప్రతి రెండు మూడు క్షణాలకూ కాళ్ల కింది కార్డు మారిపోతుంది. 1940లలో న్యూయార్క్‌లో బీబాప్ పుట్టించినవాళ్లు మధ్యలో మరిన్ని కార్డులు చొప్పించారు, వేగం పెంచారు. చెవి, వేలు, బుద్ధి మూడూ ఒకేసారి పరుగెత్తాలి. గిటార్‌కు ఆ దారి చూపినవాడు చార్లీ క్రిస్టియన్. అంతకు ముందు గిటార్ అంటే చాలావరకు బ్యాండులో వెనక కూర్చుని తాళం కొట్టే వాద్యం. ట్రంపెట్ల మధ్య అది వినపడదు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి ఎలక్ట్రిక్ గిటార్ మీద సాక్సోఫోన్ లాగా ఒక్కొక్క స్వరంతో వరసలు అల్లి చూపించాడు క్రిస్టియన్. 25 ఏళ్లకే క్షయతో చనిపోయాడు. అది 1942. కిట్టో పుట్టిన ఏడాది.

కిట్టో తరం ఇక్కడ దీన్ని ఎలా నేర్చిందో తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పుస్తకాలు లేవు, వీడియోలు లేవు. 1955 నుంచి వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ జాజ్ కార్యక్రమం షార్ట్ వేవ్‌లో వచ్చేది. గరగర శబ్దాల మధ్య అది వినాలి, లేదంటే ఎవరి దగ్గరైనా రికార్డు దొరికితే ముల్లు వెనక్కి పెట్టి పెట్టి వినాలి. అమెరికా ప్రభుత్వం పంపితే 1958లో డేవ్ బ్రూబెక్, 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ అనే జాజ్ పియానిస్టులు మన దేశం తిరిగారు. ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రా హైదరాబాద్‌లోనూ వాయించింది. బెంగళూరు, మద్రాసులలో కూడా. అప్పటికి కిట్టో వయసు ఇరవై ఒకటి.

మధ్యాహ్నం లాల్‌బజార్. పోలీసు ప్రధాన కార్యాలయం పక్కనే వాద్యాల దుకాణాల వరస. హార్మోనియంలు, తబలాలు, వాటి వెనక గోడ నిండా గిటార్లు. మన ఊళ్లలో చాలామంది మొదటి గిటార్ 'గివ్‌సన్', అది ఈ కలకత్తా తయారీనే. నేను మొదలుపెట్టిందీ దాని మీదే. తీగలు ఎత్తుగా ఉండి వేళ్లు కోసుకుపోయేవి. ఒక దుకాణంలో బోలు పెట్టెతో, వయొలిన్ లాంటి కోతలతో ఉన్న జాజ్ గిటార్ తీసి చూపించారు. 38,000. ప్లగ్ పెట్టకుండా వాయించి చూశాను. గుండ్రంగా, పొడవు తక్కువగా ఉండే ఆ నాదమే నాకు బీబాప్ గిటార్ అంటే. కొనే స్థోమత ఇప్పుడు లేదని చెబితే దుకాణదారు, "వాయించడానికి డబ్బులు అడిగానా?" అని స్టూలు లాగి కూర్చోబెట్టాడు. టీ కూడా తెప్పించాడు.

డిసెంబర్ 20, శుక్రవారం: ఫ్రీ స్కూల్ స్ట్రీట్, న్యూ మార్కెట్, చౌరంగీ

పొద్దున్నే కచోరీ, ఆలూ తొర్కారీ. నాలుగు కచోరీలు 40 రూపాయలు. కూర ఎంత అడిగితే అంత.

ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌కు ఇప్పుడు మీర్జా గాలిబ్ పేరు. పాత పేరే అందరి నోటా ఉంది. పాత రికార్డుల దుకాణాలు ఇంకా మిగిలి ఉన్నాయి. చెక్క పెట్టెల్లో ఎల్పీలు కుక్కి, పైన ప్లాస్టిక్ కప్పి. దుమ్ముకు తుమ్ములు ఆగలేదు. అమెరికన్ జాజ్ గిటారిస్టు బార్నీ కెస్సెల్ రికార్డు ఒకటి దొరికింది, అట్ట చిరిగి, లోపల గీతలు లేకుండా. 1,400 చెప్పాడు, బాబాయి బెంగాలీలో 900కు దించారు. కిట్టో రికార్డు ఏదైనా ఉందా అని అడిగాను. కొట్టతను నవ్వి, "కిట్టో సాబ్ రికార్డు నా దగ్గర ఎక్కడిది? ఆయనను వినాలంటే ఆయన దగ్గరకే వెళ్లేవాళ్లం" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు ఈ ప్రయాణం మొత్తం ఒక కొలిక్కి వచ్చింది. కళాకారుడి జీవితాన్ని మనం రికార్డులతో, అవార్డులతో, సినిమా పేర్లతో కొలుస్తాం. ఆ కొలతలో కిట్టోకు దక్కేది కొద్దే. నలభై ఏళ్లకు పైగా ఒక ఊరు ఎవరి దగ్గర బీబాప్ విన్నదో, ఎవరి దగ్గర నేర్చుకున్నదో అడిగితే, మొదట వచ్చే పేర్లలో ఆయనది ఒకటి. ఈ రెండో కొలత మనకు అలవాటు కావాలి. మన వైపు కూడా హార్మోనిస్టులు, క్లారినెట్ విద్వాంసులు, పెళ్లి బ్యాండుల మాస్టార్లు ఎందరు ఇలా రికార్డు లేకుండా పోయారో! వాళ్ల ఊళ్లకు వెళ్లి అడిగినవాళ్లు ఎందరు?

న్యూ మార్కెట్‌లో నహూమ్ బేకరీ ముందు క్యూ అప్పటికే మలుపు తిరిగింది. 1902 నుంచి ఉన్న యూదుల దుకాణం. క్రిస్మస్ వారం కాబట్టి ప్లమ్ కేకు కోసం హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఒకే వరసలో. ముక్కాలు గంట నిలబడ్డాం. వెనక ఉన్న కాలేజీ అమ్మాయి బాబాయిని తాతగారిలా చూసి, తన మడత కుర్చీ ఇచ్చింది. కేకు బరువుగా, నల్లగా, ఎండు పళ్లతో నిండి ఉంది. సగం ఎంటాలీ ఇంటివాళ్లకు, సగం విశాఖకు.

ఆ పక్కనే చౌరంగీ, గ్రాండ్ హోటల్. బయటి వసారా కింద బెల్టులు, చెప్పులు, దుప్పట్లు అమ్మేవాళ్లు. లోపలికి అడుగు పెడితే ఒక్కసారిగా నిశ్శబ్దం, చలువరాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ తన బ్యాండుతో ఇక్కడ వాయించాడు. షికాగో నుంచి షాంఘై మీదుగా వచ్చి, 1945లో ఈ ఊళ్లోనే కలరాతో చనిపోయాడు. కిట్టో ఈ హోటల్ చౌరంగీ బార్‌లో చాలాకాలం వాయించారు. మేం వెళ్లింది మధ్యాహ్నం, పాట లేని వేళ. చెరొక నిమ్మరసం తెప్పించుకున్నాం. బిల్లు చూసి బాబాయి మాట్లాడలేదు. నేను మాత్రం తాపీగా కూర్చున్నాను. గ్లాసుల చప్పుడు, మాటల మధ్య ఎవరు వింటున్నారో తెలియకుండానే కష్టమైన సంగీతాన్ని రోజూ అంతే శ్రద్ధగా వాయించడం ఎంత దీక్షో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. తేలిక పాటలు వాయించి ఉంటే జీవితం ఇంకొంత సుఖంగా గడిచేది.

రాత్రి ట్రింకాస్. ఒక బ్యాండు పాత ఇంగ్లీషు పాటలు, హిందీ పాటలు వాయించింది. జాజ్ కాదు. కానీ మనుషులు మనుషుల ఎదుట వాయిస్తున్నారు. పక్క బల్ల దగ్గర ఒక వృద్ధ దంపతులు ప్రతి పాటకూ పెదవులు కదిపారు. భోజనం ఇద్దరికీ 1,900. బాబాయికి చేప దొరికింది, సంతోషించారు.

డిసెంబర్ 21, శనివారం: సన్నీ పార్క్

ఎస్‌ప్లనేడ్ నుంచి ట్రామ్ ఎక్కాం. టికెట్టు 7 రూపాయలు. నడిస్తే దీనికన్నా ముందు చేరతామేమో అన్నంత నింపాదిగా వెళ్తుంది. కండక్టరు బాబాయి చేతిలో గులాబీ పువ్వుల పొట్లం చూసి ఏమిటని అడిగాడు, రెండు తీసుకున్నాడు. బాలీగంజ్ ఫాడీ దగ్గర దిగి సన్నీ పార్క్ వీధిలోకి నడిచాం.

కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్ 1915లో ఫిలిప్ సాండ్రే స్థాపించినది. కిట్టో ఇక్కడ గిటార్ నేర్పారు. చెట్ల నీడలో పాత భవనం. ఒక గదిలో పియానో, ఇంకో గదిలో వయొలిన్, మెట్ల మీద కూర్చున్న తల్లులు. ప్రతి గది నుంచీ వేరే పాట, వేరే తప్పు. ఒక తల్లి మాతో మాటలు కలిపి, "మీ మనవరాలా?" అని బాబాయిని అడిగింది. "అన్న కూతురు" అన్నారాయన గర్వంగా, "గిటార్ కోసం వైజాగ్ నుంచి వచ్చింది."

ఇక్కడ ఒకప్పుడు కిట్టో దగ్గర నేర్చుకుని, ఇప్పుడు ఇంటి దగ్గర పాఠాలు చెప్పే ఒక మాస్టారు ముందే మాట ఇచ్చి ఉన్నారు. తన పేరు రాయవద్దన్నారు. ఇల్లు గడియాహాట్ వెనక సందులో. మేడ మీద గది, రెండు గిటార్లు, ఒక చిన్న ఆంప్లిఫయరు, కిటికీలో తులసి కుండీ. ఆయన భార్య ముందు ప్లేట్లు తెచ్చారు. నొలెన్ గుర్ సందేశ్, చలికాలపు కొత్త ఖర్జూర బెల్లంతో చేసినది, లేత గోధుమ రంగులో. నోట్లో పెట్టుకుంటే పొగ వాసన, తర్వాత తీపి. బాబాయి మూడు తిన్నారు. తినకపోతే ఊరుకునే ఇల్లు కాదు అది.

కిట్టో గురించి చెప్పండి అని అడిగాను. మాస్టారు గిటార్ అందుకున్నారు.

మొదట ఒక పాటను కార్డులతోనే వాయించారు. రాగం పై తీగ మీద, కార్డు దాని కింద, రెండూ ఒకే చేతిలో. పియానో పని గిటార్ చేయడం అది. రెండోసారి బొటనవేలు బాస్ తీగల మీద నడక పట్టింది. బాబాయి తల ఊగడం మొదలైంది, ఆయన కిటికీ దగ్గర విన్నది ఇదే కాబోలు. మూడోసారి కార్డులు వదిలేసి ఒక్కొక్క స్వరంతో పరుగు. కార్డులు వినపడటం లేదు, అయినా అవి మారుతున్న చోటు ప్రతిసారీ తెలుస్తోంది. కార్డు మారే క్షణానికి ఆయన వేలు సరిగ్గా కొత్త కార్డులోని స్వరం మీద దిగుతోంది. ఇన్నేళ్లుగా నాకు పట్టు చిక్కనిది అక్కడే. నేను స్కేళ్లు (ఆరోహణ అవరోహణల్లాంటి స్వరాల వరసలు) సాధన చేసి పరుగులు నేర్చుకున్నాను. ఆయన అంతా కార్డు ఆకారం లోపలి నుంచే తీస్తున్నారు. చార్లీ క్రిస్టియన్ పద్ధతీ అదే.

"స్కేలు వేలికి తెలుస్తుంది, కార్డు చెవికి తెలియాలి" అన్నారు మాస్టారు. "నేను నా పిల్లలకు ఏడాది కార్డులే చెబుతాను. సగం మంది మానేస్తారు. ఉన్నవాళ్లు వాయిస్తారు."

తర్వాత గిటార్ నా చేతికి ఇచ్చారు. గంట అనుకున్న పాఠం రెండున్నర గంటలు సాగింది. మధ్యలో పదేళ్ల పిల్ల ఒకతె పాఠానికి వచ్చింది. ఆమెను పంపించేయకుండా నా పక్కనే కూర్చోబెట్టారు. ఆ పిల్ల నాకన్నా ముందే బ్లూస్ కార్డులను గొంతుతో పాడి చూపించింది, ఒక్కొక్క కార్డులో అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా. ఆ పిల్లకు కిట్టో పేరు గోడ మీద ఫొటోగా తెలుసు. ఆయన పోయేనాటికి ఆమె రెండేళ్ల పాప. అయినా ఆమె పాడుతున్న వరస ఆ దారిలోనే వచ్చింది, గురువు నుంచి గురువుకు. ఆ పరంపర నా కళ్ల ముందే కూర్చుని ఉండగా రికార్డు దొరకలేదన్న దిగులు నాకు మిగల్లేదు.

ఫీజు 1,500 తీసుకున్నారు. ఎక్కువ ఇవ్వబోతే వద్దన్నారు. ఒక కాగితం మీద నాలుగు కార్డులు, వాటి మీద వాయించాల్సిన ఎనిమిది బార్ల స్వరాల వరస రాసి ఇచ్చారు. పన్నెండు శ్రుతుల్లోనూ వాయించి, సంక్రాంతి లోపు రికార్డు చేసి పంపాలి. పంపకపోతే తానే ఫోన్ చేస్తానన్నారు. ఇంటికి వచ్చిన మర్నాటి నుంచే మొదలుపెట్టాను. నల్ల మెట్ల శ్రుతుల్లో నాలుగో కార్డు దగ్గర వేళ్లు ఇంకా వెతుక్కుంటున్నాయి. బాబాయి ఖరగ్‌పూర్ నుంచి రోజూ రాత్రి ఫోన్ చేసి, ఎంతవరకు వచ్చిందో వాయించి వినిపించమంటున్నారు.